లోపలికి దిగిన మేకు

కృష్ణానగర్‌ల మా గల్లీ బాలనర్సయ్య ముప్పై ఏండ్లు సినిమా సెట్లకు వడ్రంగం చేసిండు. షూటింగ్ అయిపోంగనే రాజమహలైనా పీకెయ్యాలె గదా, అందుకే మేకు తల జర బయటికుంచి కొట్టుడు ఆయన చేతికి అలవాటు. ఇప్పుడు ఇంటెనుక రేకుల షెడ్డుల సొంత పని మొదలుపెడుతున్నడు. మొదట చేసేది, భార్య మంజులత ఇరవై ఏండ్ల సంది అడుగుతున్న వంటింటి అల్మారా. దానికి గాలితోని మేకులు కొట్టే గన్ను కావాలని ఇద్దరూ దుకాణానికి పోయిండ్రు. ఒక్కొక్క గన్నును చేతుల తూచి చూసిండు, తేలికదాన్ని పక్కకు నూకిండు, గాలి పైపుకు చెవి ఆనిచ్చి ఎక్కడన్న బుస్సుమంటుందా అని విన్నడు. "పదేండ్లు ఆగుతదా?" అని నాలుగుసార్లు అడిగిండు.

ఆఖరికి ఒక గన్ను పట్టుకొని దుకాణంల ఉన్న చెక్క ముక్క మీద టప్పున కొట్టి చూస్తే మేకు తల బయటనే ఉంది. "గన్ను ఖరాబున్నట్టుంది," అన్నడు దుకాణపాయన. "గన్ను మంచిదే. ఈయననే లోతు తగ్గించిండు, నేను చూసిన," అని మంజులత నవ్వింది. "నా అల్మారా గూడ పీకుతవా ఏందయ్యా?" బాలనర్సయ్య నాలుక కరుచుకున్నడు. లోతు పెట్టే చక్రాన్ని చివరిదాకా తిప్పి మళ్ళ కొట్టిండు. మేకు చెక్కల మునిగిపోయింది. ఆ చోటును బొటనవేలితోని రుద్ది రుద్ది చూసి, "ఇగ రాదు మంజులా, పీకినా రాదు!" అని దుకాణమంతా వినేటట్టు అరిచిండు.