గాల్లో ముప్పావుగంట

మట్టెవాడ బట్టల దుకాణం సుదర్శన్ ఢిల్లీకి విమానమెక్కింది ఒక్కసారే. బ్యాగుకు అప్పుడు కట్టిన ఎయిర్‌పోర్టు చీటీ మాసి నల్లబడ్డా విప్పడు. చీరలకొచ్చినవాళ్ల ముందు కూడా అరచెయ్యి విమానంలా తేలించి, "ఢిల్లీ ఎంతసేపు? రెండు గంటలు. రైలెక్కేటోళ్లు ఎడ్డోళ్లు" అంటాడు.

విజయవాడలో సుదర్శన్ అక్క పోయిందని పొద్దున్నే ఫోనొస్తే, భార్య సుభాషిణి ఏడుస్తూ వరంగల్ స్టేషన్‌కు పరుగెత్తి, దొరికిన రైలెక్కింది. ఈ మహానుభావుడు మాత్రం "ఫ్లైట్ల ముప్పావుగంటనే" అంటూ ఎదురుదిక్కున హైదరాబాదు పోయి, విమానం కోసం మధ్యాహ్నందాకా కూర్చున్నాడు. అక్కడ విజయవాడలో సుభాషిణి వదిన కాళ్లకు పసుపు రాసి సాగనంపింది. ఇతగాడు కృష్ణ ఒడ్డుకు చేరేసరికి చితిలో నిప్పులే మిగిలాయి.

"నీకోసం చూసి చూసి ఎత్తేశాం" అన్నాడు బావ.

సుదర్శన్ బ్యాగు కింద పెట్టకుండానే వాచీ చూసుకున్నాడు. "గాల్లో ఉన్నది ముప్పావుగంటనే బావా."