పగిలిన రాయికి జోడు వెతుక్కుంటూ తాండూరు గనులకు

టైల్స్ వేయడానికి పాత నేల తవ్వించే ముందు నా మాట కూడా వినండి. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మనవరాలు సంధ్య రాస్తోంది. మాది మొయినాబాద్ పక్కన సురంగల్. మా ఇంటి నేలంతా నీలం నాపరాళ్లు. నేను సున్నం, నీళ్లు మోస్తుంటే మా ఆయన తన చేతులతో పరిచినవి. ఆయన పోయాడు, నేల ఉంది. మొన్న గ్యాస్ సిలిండర్ జారిపడి గడప లోపలి రాయి పగిలింది. మనవడి పెళ్లి దగ్గరికొచ్చింది. "ఒకటి పలిగిందంటే ఇగ అన్నీ తీసేసుడే" అన్నాడు నా కొడుకు మల్లేశం. "దీనికి జోడు తెస్తే?" అన్నాను. "తే, చూద్దాం. సోమవారం టైల్సోళ్లొస్తరు" అని నవ్వాడు. ఆ నవ్వుకే నాకు మండింది.

శనివారం ఆరింటికి పగిలిన ముక్కను సంచిలో వేసుకుని సంధ్యతో బయలుదేరాను. మొయినాబాద్‌లో ఎక్కిన బస్సు చేవెళ్ల మీదుగా వికారాబాద్ చేర్చింది. అక్కడ తాండూరు బస్సు దొరుకుతుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. పదిన్నరకల్లా తాండూరులో ఉన్నాం. పాత గనులు చూపించి తిరిగి దింపడానికి ఆటోకు ఐదు వందలు.

ముందు పాలిష్ మిషన్లున్న దుకాణానికి వెళ్లాం. "అద్దం లెక్క మెరుస్తది చూడు అవ్వా" అన్నాడు దుకాణదారు. "అద్దమైతే గోడకు పెట్టుకుంట. నేను నడవాలె, జారి పడాల్నా?" అన్నాను. ఆటో అబ్బాయి పగలబడి నవ్వి, "నీకు షాపులు కుదరవు అవ్వా, చేత్తో కొట్టే కాడికి తీస్కపోత" అన్నాడు.

చూడాల్సింది ఆ దారే. పొలాల గట్లకు కంచెలు నాపరాళ్లే, పాత ఇళ్ల కప్పులూ నాపరాళ్లే. వదిలేసిన పాత గనిలో పచ్చటి నీళ్లు నిలిచాయి. గోడ పొడవునా రాయి పొరలు దొంతరలుగా కనిపిస్తాయి. మా ఇల్లు ఇలాంటి ఏ గుంతలో నుంచి లేచి వచ్చిందో అని చాలాసేపు నిలబడ్డాను.  

పక్క గనిలో నా వయసు ఆమె చెక్కిన రాళ్లు పేరుస్తోంది. నా ముక్కనూ ఒక కొత్త రాయినీ పక్కపక్కన పెట్టి నీళ్లు పోశాను. రెండూ ఒకే నీలం! చెయ్యి పెడితే మాత్రం కొత్తది గరుకు. "గిదేందే, గింత గరుకున్నది?" అన్నాను ఆమెతో.

"నీది గూడ తెచ్చిననాడు గిట్లనే ఉండె అక్కా. మీ కాళ్లకే నున్నగైంది. మిషన్ పెట్టిండ్రా ఏంది?"

నిజమే. కొత్తలో నేల తుడిస్తే నా మోకాళ్లు గీరుకుపోయేవి.

ఆ రాయినే కొని ఆటోలో బస్టాండుకు తెచ్చుకున్నాం. తిరుగు బస్సులో కండక్టర్ నన్నూ రాయినీ చూసి, "అవ్వా, నీకు ఫ్రీ. దీనికి గూడ ఆధార్ ఉన్నదా?" అన్నాడు. సామాను టికెట్ తీసుకున్నాం.

మేస్త్రీ ఆదివారమే రాయి వేశాడు. సోమవారం పొద్దున్నే, అది గట్టిపడ్డాక మల్లేశం వంగి రుద్ది చూశాడు. "రంగు కలిసింది గని అమ్మా, నునుపు కలువలే" అని, దాన్ని తప్పించి పక్క నుంచి లోపలికి పోబోయాడు.

"పక్కకెల్లి పోకు. మీదికెల్లి నడువు. నువ్వు తొక్కకుంటే ఎట్ల కలుస్తదిరా?"

వాడు చెప్పులు విడిచి దాని మీద నిలబడ్డాడు. అక్కణ్ణుంచి పాత రాళ్ల మీదికి రెండడుగులు వేసి చూశాడు. తర్వాత ఫోన్ తీసి టైల్స్ వాళ్లను రావద్దన్నాడు.

మా ఆయన పరిచింది గరుకు నేల. దాన్ని నున్నగా చేసింది ఆయనా, నేనూ, దాని మీద పాకిన పిల్లలూ. ఆ నునుపు ఏ దుకాణంలోనూ దొరకదు. రేపు పెళ్లికి వచ్చే కాళ్లన్నీ ఈ కొత్త రాయి మీద నుంచే లోపలికి వస్తాయి.

మీరు వెళ్తే పాత రాయి ముక్కనూ నీళ్ల సీసానూ వెంట తీసుకెళ్లండి. పొడిగా ఉంటే అన్ని రాళ్లూ ఒకేలా కనిపిస్తాయి, తడిపితేనే రంగు తెలుస్తుంది. ఇంటికి తెచ్చాక మాత్రం దాన్ని దాటి పోకండి. తొక్కండి.