జీతం గడిలో నేను రాసిన మాట

ఎనభైల్లో నా ఉద్యోగం ఖర్చులు అడగడం. అమరావతి దారిలోని మిరప పల్లెల్లో కూలీల పిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రాలకు ఎంత ఖర్చవుతుందో కనుక్కుని, ఫారాలు నింపి గుంటూరు ఆఫీసులో ఇవ్వాలి. వాటిని చూసి గ్రాంటు ఖాయం చేస్తారు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. పిల్లలంటే దూరం నుంచి ముద్దు చేయాల్సినవాళ్లనుకునేదాన్ని.

ఒక ఊళ్లో చర్చి పక్క పాకలో పద్నాలుగు మంది పిల్లలు, ఒక్క ఆయా. పాక పాస్టరుగారు ఊరికే ఇచ్చారట. పొయ్యిలోకి పత్తికట్టె రైతులు ఊరికే ఇచ్చారట.

"మరి మీ జీతం?" అన్నాను.

"నాకెందుకమ్మా జీతం? నీడపట్టున ఊరికే కూచుంటన్నాగా!" అంది ఆయా, చంకలో ఒకణ్ణి సర్దుకుంటూ, ఇంకొకడి ముక్కు తుడుస్తూ.

నేనెంత తెలివైనదాన్నంటే, జీతం గడిలో 'ఊరికే కూర్చుంటుంది' అని రాసి పంపాను.

మా ఆఫీసరుగారు పండగ చేసుకున్నారు. "ఊరికే కూర్చునే మనిషికి జీతమెందుకమ్మా? అన్ని ఊళ్లకీ ఇదే వేసేద్దాం. ఆయా జీతం సున్నా!"

నా మూలాన ఆయాలందరి నోట్లో మట్టి పడబోతోంది. మళ్లీ చూసొస్తానని బతిమాలాను.

మర్నాడు ఆయాని మిరపకాయల కోతకు పంపి, పాకలో నేను కూర్చున్నాను. కూర్చున్నాననడమే గానీ, ఒక్క క్షణం కూర్చున్నది లేదు. ఒకడు ఏడుపెత్తుకుంటే అందరూ అందుకున్నారు. ఇద్దరు నా ఫారాలు నమిలారు. పాలివ్వడానికొచ్చిన తల్లి చేతి కారం పిల్ల కంట్లో పడితే, పిల్లకంటే నేనే ఎక్కువ ఏడ్చాను. పొద్దుగూకి ఆయా వచ్చేసరికి ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. నా కాళ్లకి ఇద్దరు వేలాడుతుండబట్టి కుదరలేదు.

ఆవిడ కొంగుముడి విప్పి కూలి డబ్బులు చూపించింది. "రేపు గూడా వస్తారామ్మా?" అంది ఆశగా.

ఆ కూలినే నెలకు లెక్కగట్టి జీతం గడిలో రాశాను.

"పిల్లల్ని చూసుకోడానికి ఇంతా? రుజువేదీ?" అన్నారు ఆఫీసరుగారు.

జాకెట్టు చెయ్యి పైకి లాగి పంటిగాట్లు చూపించాను. "ఇవి ఒక్కడివేనండీ. తక్కిన పదముగ్గుర్నీ తీసుకురమ్మంటారా?"

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని సంతకం పెట్టారు.