తిరిగొచ్చిన ప్లేటు

ఆ హోటల్లో వంట మాస్టరుకి ఒక పిచ్చి ఉండేది. తిన్నవాళ్ళు ఏమన్నారో అతనికి అక్కర్లేదు. మొహమాటానికి బాగుందనేవాళ్ళు బోలెడుమంది, వాళ్ళ మాటలకు పొంగిపోతే వంటవాడు పాడైపోతాడని అతని నమ్మకం. అతను చూసేది ప్లేట్లని. వంటగదిలోకి ఎంగిలి ప్లేట్లు వచ్చే కిటికీ ఒకటుండేది. గరిటె తిప్పుతున్నా, ఉల్లిపాయలు తరుగుతున్నా ఒక కన్ను ఎప్పుడూ ఆ కిటికీ మీదే. ప్లేటు ఖాళీగా వస్తే మీసాల కింద చిన్న నవ్వు. సగం అన్నంతో వచ్చిందా, ఆ పూటకిక ఎవరితోనూ మాటల్లేవు.

ఈ పిచ్చి అంటించింది మేనమామ. ఆయనా వంటవాడే, చేయి దురుసు మనిషి. తిరిగొచ్చిన ప్లేటు వండినవాడే తినాలన్నది ఆయన చట్టం. పారెయ్యడానికి వీల్లేదు. కూర్చుని, చివరి మెతుకుదాకా తిని, తప్పెక్కడ జరిగిందో నాలుకతో తెలుసుకోవాలి. ఎంగిలీ గింగిలీ అని మూతి ముడిస్తే వీపు చిట్లిపోయేది. మామ పోయి చాలా కాలమైంది, వీపు మీద కొట్టేవాడు లేడు. అయినా మాస్టరు ఆ చట్టం దాటలేదు. ఎవరూ చూడకుండా పొయ్యి వెనక స్టూలు మీద కూర్చుని తినేసేవాడు. పైగా ఏళ్ళు గడిచేకొద్దీ తినాల్సిన ప్లేట్లు తగ్గిపోయాయి. ఉప్పు డబ్బాలో మూడు వేళ్ళు ముంచి, మూరెడు దూరం నుంచి గిన్నెలోకి విసిరేవాడు. రుచి చూసేవాడు కాదు. అవసరం ఉండేది కాదు. ఇంటికెళ్ళి భార్య వండిన కూరలో ఉప్పు ఒక పలుకు తక్కువైందని మొహం పెడితే, "మీ నాలుక కోసి అద్దాల బీరువాలో పెట్టాలండీ, పదిమందీ వచ్చి దండం పెట్టుకుంటారు" అనేది ఆవిడ.

హోటలు పెద్దాస్పత్రికి ఎదురుగా ఉండేది. ఎక్కడెక్కడి నుంచో రైళ్ళలో, బస్సుల్లో వచ్చి, ఆస్పత్రి మెట్లు ఎక్కి దిగి, ఆకలి సంగతి అప్పుడు గుర్తొచ్చే జనమే అక్కడికి వచ్చేవాళ్ళు. అలా వచ్చారు ఆ మొగుడూ పెళ్ళాలు. ఆయన టైలరు. కిడ్నీలు రెండూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున రైలెక్కి వచ్చి, రక్తం కడిగే మిషను దగ్గర సగం రోజు పడుకుని, సాయంత్రం రైల్లో తిరిగి వెళ్ళాలి. ఉప్పు ముట్టకూడదు. నీళ్ళు కూడా గ్లాసుతో కొలిచి తాగాలి.

మిషను మీంచి లేచాక ఆయనకు కడుపులో తిప్పేది. ఇంటినుంచి తెచ్చిన చల్లారిపోయిన చప్పిడి కూడు చూస్తేనే వాంతి. వేడిగా ఏదైనా తింటాడేమోనని ఆవిడ ఆ వీధిలో ఉన్న హోటళ్ళన్నీ తిరిగింది. ఒకడు విడిగా వండటం కుదరదన్నాడు. ఒకడు ఉడకబెట్టిన కూరగాయల్ని నీళ్ళతో సహా ప్లేట్లో పోసిచ్చాడు. ఇంకొకడు ఉప్పు లేకుండా తినాలనుకునేవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి గానీ హోటలుకెందుకని నవ్వాడట, వాడి మొహం మండ. చివరికి మాస్టరు కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"అన్నయ్యా, ఒక్క మనిషికి ఉప్పు లేకుండా వండిపెడతారా?"

మాస్టరు సరేనమ్మా అన్నాడు. లేత గుమ్మడికాయ ముక్కలు కోసి, మిరియాలు దంచి, నిమ్మకాయ పిండి, శ్రద్ధగానే చేశాడు. ఉప్పు వెయ్యలేదు. ప్లేటు తిరిగొచ్చింది. రెండు ముద్దలు తప్ప మిగతా అంతా అలాగే ఉంది. మాస్టరు స్టూలు మీద కూర్చుని అది తిన్నాడు. చెప్పొద్దూ, అతనికి ఏడుపొచ్చింది. అన్నీ ఉన్నాయి, ఏమీ లేదు. ఈ మనిషి రోజూ తినేది ఇదా, ఇలా బతకడం కూడా ఒక బతుకేనా అనిపించింది.

తర్వాతి సారి చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బాలోకి పోయిందనుకుందామా? అలా అనుకుంటే మాస్టరుకి కొంచెం ఊరట. కానీ నిజం అది కాదు. అతను డబ్బా ముందు కాసేపు నిలబడ్డాడు. తెలిసే వేశాడు. ఇంతమందికి వేసేదాంట్లో ఇంత చిటికెడు, దానికే ఏమైపోతాడులే అనుకున్నాడు.

ఆ రోజు ప్లేటు ఖాళీగా వచ్చింది. వేలితో తుడుచుకుని తిన్న గీతలు కూడా ఉన్నాయి. టైలరు కిటికీ దగ్గరకు వచ్చి, ఉప్పు లేకుండా ఇంత రుచి ఎలా వచ్చిందని అడిగాడు. మిరియం, నిమ్మకాయ పడాల్సిన చోట పడితే ఉప్పుతో పనిలేదన్నాడు మాస్టరు. టైలరు నమ్మేశాడు. రెండేళ్ళుగా నోరు చచ్చిపోయి ఉన్న మనిషి, నమ్మక ఏం చేస్తాడు? వెనకాల ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆ కళ్ళు చూశాక మాస్టరుకి నిజం చెప్పే దారి మూసుకుపోయింది. అతనూ పెద్దగా వెతకలేదనుకోండి.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు అదే మూల బల్ల, అదే ప్లేటు. ఆవిడ మాత్రం తనతో తెచ్చుకున్న డబ్బా విప్పుకునేది. అందులో ఉన్నదీ చప్పిడి కూడే. ఆయన ముందు కూర్చుని ఉప్పు తినడానికి మనసొప్పక, జబ్బు తెలిసిన రోజునుంచే ఇంట్లో ఉప్పు అనేదే లేకుండా చేసిందట. తను కూడా మానేసింది. ఆయన ప్లేట్లోంచి ఒక్క మెతుకు తీసుకునేది కాదు, ఆయనకు తగ్గిపోతుందని. ఓనరు ఇదంతా గమనించి, రోగులకు ఉప్పులేని రుచికరమైన భోజనం దొరుకుతుందని బోర్డు రాయిస్తానన్నాడు. మాస్టరు ఆయన మీద గయ్యిమని లేచాడు. అంత కోపం ఎందుకో ఓనరుకి అర్థం కాలేదు.

ఒకసారి టైలరు కాగితంలో చుట్టిన తెల్లచొక్కా తెచ్చిచ్చాడు. కొలతలు తీసుకోలేదు, కిటికీలోంచి చూసి కుట్టాడంతే. వేసుకుంటే భుజాల దగ్గర వెంట్రుకవాసి తేడా లేదు. ఇదెలా సాధ్యమయ్యా అంటే టైలరు నవ్వాడు. కత్తెర పట్టాక మన ముచ్చట పక్కన పెట్టెయ్యాలి మాస్టారూ, ఎదుటివాడి ఒంటికి ఏం కావాలో అదే చెయ్యాలి అన్నాడు. మాస్టరు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. భార్య గుచ్చి గుచ్చి అడిగితే సంగతి చెప్పాడు. ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"మీకేమన్నా మతిపోయిందా? రేపు ఆ మనిషికేమైనా అయితే?"

మానేస్తానన్నాడు. నిజంగానే మానేద్దామనుకున్నాడు. మానేసే ముందే టైలరు భార్య ఒకరోజు ఒంటరిగా కిటికీ దగ్గరికొచ్చింది. ఆయన మూల బల్ల దగ్గర కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. దాహం, దాహం అని ఇంటికెళ్ళే దారంతా గోల. ఒంట్లో నీరు చేరిపోతోందని, ఎక్కడో ఉప్పు తింటున్నాడని ఆస్పత్రిలో ఇద్దరినీ నిలబెట్టి తిట్టారట. ఇంట్లో ఉప్పు లేదు. ఇక్కడ మీరు వేయరు. మరి ఆయన టైలరు కొట్టు దగ్గరే ఎవరో తెచ్చి పెడుతున్నారు, ఈయన దొంగచాటుగా తింటున్నాడు అంది. అడిగితే నీ మీద ఒట్టు, నేను ముట్టలేదంటాడు. దొంగ ఒట్టు కూడా వేస్తున్నాడన్నయ్యా, అందుకే కొట్టుకి తాళం వేసేశాను అంది.

మాస్టరు నిజం చెప్పలేదు. ఆ రోజు ఉప్పు వెయ్యలేదు, అంతే చేశాడు. టైలరు ఒక ముద్ద తిని, ఇవాళ మాస్టరు సెలవా అని సర్వరుని అడిగాడు. ప్లేటు తిరిగొచ్చింది. కుట్టుమిషను లేక, కొట్టు లేక, భార్య తన మొహం కూడా చూడక, మిగిలిన ఆ ఒక్క ముద్ద కూడా పోయి కూర్చున్న మనిషిని మాస్టరు కిటికీలోంచి చూశాడు. ఆ చూపే కొంప ముంచింది. తర్వాతి సారి మళ్ళీ వేశాడు. సగమే వేశానని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ తర్వాత సగం ఎప్పుడు మొత్తమైందో చెప్పుకోలేదు.

ఆ తర్వాత మూల బల్ల ఖాళీ అయిపోయింది. వాళ్ళు వచ్చే రోజున మాస్టరు గుమ్మడికాయ కోసి పెట్టుకుని, సాయంత్రం దాకా చూసి, ఇంకొకరి కూరలో వేసేసేవాడు. కొన్ని వారాలు అలాగే చేశాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే వచ్చింది. మనిషి సగమైపోయింది. ఆస్పత్రిలో ఏదో సంతకం పెట్టాల్సిన పని ఉందట. ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయి, రైల్లోనే, ఆస్పత్రికి వస్తూ వస్తూ పోయాడట. మాస్టరు కిటికీ చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"చివరి నెలంతా మాట్లాడలేదన్నయ్యా నేను. నాతో అబద్ధమాడాడని. రైల్లో ఊపిరాడక కొట్టుకుంటూ కూడా, నేను తినలేదే, నమ్మవే అన్నాడు. నమ్మలేదు. ఇప్పటికీ ఆ కోపం పోవట్లేదు, చచ్చిపోయిన మనిషి మీద."

చెంగు మొహానికి అద్దుకుంది.

"మీ చేతి అన్నం గురించి రోజూ చెప్పేవాడు. ఆయన తిన్నది ఒక్కసారి తినాలనుంది. ఆయనకెలా చేసేవారో అలాగే చెయ్యండి, ఏమీ మార్చకండి."

మాస్టరు పొయ్యి దగ్గరకు వెళ్ళాడు. టైలరు కుట్టిన చొక్కానే ఒంటిమీద ఉంది. ముక్కలు కోశాడు, మిరియాలు దంచాడు, నిమ్మకాయ పిండాడు. ఉప్పు డబ్బా మూత తీశాడు. వెయ్యకపోతే ఆవిడకు ఎప్పటికీ తెలియదు. చప్పిడి ముద్ద తిని, అన్నయ్యా అని దండం పెట్టి వెళ్ళిపోతుంది. ఆ టైలరు మాత్రం, ఆవిడ బతికున్నన్నాళ్ళూ, ఆవిడ మనసులో దొంగగానే ఉండిపోతాడు. వేస్తే, రెండేళ్ళకు పైగా ఉప్పు ఎరగని నాలుక మొదటి ముద్దకే పట్టేస్తుంది. జీవితంలో మొదటిసారి మూరెడు దూరం నుంచి విసరలేదు. గిన్నె మీదకు వంగి, చేతిని దగ్గరగా పెట్టి, ఆయనకు వేసినంతే వేశాడు.

సర్వరు ప్లేటు తీసుకెళ్ళాడు. మాస్టరు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగిపోయింది. మింగింది. తలెత్తి కిటికీ వైపు చూసింది. మాస్టరు తల దించుకోలేదు. ఆ మాత్రం ధైర్యమే మిగిలింది అతనికి.

"ఆయన నిజమే చెప్పాడు" అంది. గట్టిగా కాదు, తిట్టినట్టు కూడా కాదు. లేచి చెయ్యి కడుక్కుని, సంచీ తీసుకుని బయటకు నడిచింది. అన్నయ్యా అనలేదు.

ప్లేటు కిటికీలోంచి లోపలికొచ్చింది. ఒక్క ముద్ద తగ్గింది, అంతే. మాస్టరు దాన్ని పొయ్యి వెనక్కి తీసుకెళ్ళి, స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్నాడు. చివరి మెతుకుదాకా తిన్నాడు. ఉప్పు సరిగ్గా సరిపోయింది.