ఐదు చుట్లు

భేస్తాన్ రైల్వే గేటు దగ్గర పరుశురాం మోటారుబండి మీద కదలకుండా నిలబడ్డ సంగతి అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. గేటు పడింది, గూడ్సు వస్తోంది. ఆగిన బండ్ల వాళ్లందరూ కాళ్లు నేలకు ఆన్చారు. అతడొక్కడే ఆన్చలేదు. సీటు లేని తన బండి మీద కొంగలాగా నిటారుగా నిలబడి, ఆఖరి పెట్టె దాటిపోయేదాకా అలాగే ఉన్నాడు. మొదట్లో ఆ గూడ్సుకు యాభై ఎనిమిది పెట్టెలుండేవి. నాలుగేళ్లు గడిచేసరికి చెప్పేవాళ్ల నోళ్లలో అవి నూటపది అయ్యాయి. ఒక కాకి అతన్ని కరెంటు స్తంభమనుకొని భుజం మీద వాలి, రెక్కలు సర్దుకొని, కాసేపు కునుకు కూడా తీసిందట. కాకి సంగతి పరుశురాం ఎన్నడూ కాదనలేదు. బండి మీద ఉన్నప్పుడు అతనికి ముందు చక్రం తప్ప ఏదీ తెలిసేది కాదు. కాకి వాలినా వాలి ఉండవచ్చు.

ఆ ఆట పేరు ట్రయల్స్. బండ్ల పోటీ అనగానే జనం వేగాన్ని ఊహిస్తారు. ఇందులో వేగానికి పనిలేదు. బండరాళ్లు, దుంగలు, వాగులో గుండ్లు ఉన్నచోట రెండు పక్కలా రిబ్బను కట్టి దారి చూపిస్తారు. కాలు కింద పెట్టకుండా ఆ దారి దాటాలి. కాలు ఒకసారి నేలకు తగిలితే ఒక మార్కు. కింద పడినా, ఇంజను ఆగినా, పక్కవాడు బండిమీద చెయ్యి వేసినా ఐదు మార్కులు. ఎవరికి తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు.

తల్లి నర్సవ్వకు ఈ లెక్క ఎంత చెప్పినా ఎక్కలేదు. "సున్నా తెచ్చుకున్నోడు ఫస్టా? గట్లయితే నువ్వు ఇస్కూల్ల గూడ ఫస్టే గద రా!" అనేది.

బడి వదిలాక పరుశురాం మగ్గాల ఖార్ఖానాలోనే పెరిగాడు. సిరిసిల్ల పక్కనుంచి ఇక్కడికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబం వాళ్లది. తండ్రి పోయాక నర్సవ్వ కండెలు చుట్టి అతన్ని సాకింది. అతడు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేసే మాస్టరయ్యాడు. సాంచా ఆగిందంటే సేఠ్ తిడతాడు. కాబట్టి వారమంతా ఆగినవాటిని నడిపించడమే అతని పని. సెలవునాడు మాత్రం పాత బండి ఒకటి తీసుకుని, దాని సీటు పీకేసి, వెనక చైను చక్రం పెద్దది వేసి, టైర్లలో గాలి సగం తీసేసి, హజీరా వైపు సముద్రపు గట్టు రాళ్ల మీదికి పోయేవాడు. అక్కడ నడిచేదాన్ని ఆపడం నేర్చుకున్నాడు. బండి నడపడం ఎవరికైనా వస్తుంది, దాన్ని ఒక రాతి కొన మీద మూడు ఊపిర్లసేపు ఆపి, తర్వాత ఎటు దూకాలో తీరిగ్గా ఆలోచించుకోవడంలోనే మజా ఉంది అనేవాడు. ఆ మూడు ఊపిర్లసేపు అతనికి చెవుల్లో మగ్గాల మోత ఆగిపోయేది. దానికోసమే పోయేవాడేమో.

ఈ ఆటలో ఒంటరిగా ఎవరూ దిగరు. ఎత్తైన రాయి ఎక్కేటప్పుడు కింద ఒక మనిషి ఉండాలి. బండి వెనక్కి తిరగబడితే దాన్ని పట్టి పక్కకు లాగేయాలి, లేకపోతే అది నడిపేవాడి మీదే పడుతుంది. అయితే బండి నిజంగా పడేదాకా ఆ మనిషి దాన్ని ముట్టకూడదు. ముడితే ఐదు మార్కులు. పరుశురాంకు ఆ మనిషి మేనమామ బక్కయ్య, నర్సవ్వకు తోడబుట్టిన తమ్ముడు.

బక్కయ్య పన్నెండు సాంచాలు ఒక్కడే నడిపేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ మోతలో ఉండి చెవులు సగం పోయాయి గాని చేతులు మాత్రం పాములు. పోగు తెగిందని కన్ను చూసేలోపే చెయ్యి పోయి ముడేసి వచ్చేది. నిద్రలో కూడా ఆ చేతులు ఊరుకునేవి కావని, ఒక రాత్రి భార్య వజ్రమ్మ జడలో వెంట్రుక తెగితే లేవకుండానే ముడేశాడని ఖార్ఖానాలో చెప్పుకునేవారు. వజ్రమ్మ ఆ మాటకు సిగ్గుపడేది తప్ప అబద్ధమనేది కాదు.

అలాంటి చేతులు మగ్గానికి వరం. రాయి కింద నిలబడ్డప్పుడు మాత్రం శాపం. పోయిన ఏడాది పోటీలో ఆఖరి రాయి మీద పరుశురాం బండి ఒక్క బెత్తెడు ఊగింది. అతడు దాన్ని సర్దుకునేవాడే. కాని బక్కయ్య చెయ్యి అప్పటికే పోయి వెనక చక్రాన్ని పట్టుకుంది. పక్కన నిలబడ్డ తీర్పరి ఐదు వేళ్లూ ఎత్తి చూపించాడు. మొదటి ఇద్దరికీ దేశపోటీకి పిలుపు వచ్చింది. పరుశురాం మూడోవాడయ్యాడు.

"తెగింది అనుకున్న అల్లుడా," అన్నాడు బక్కయ్య.

"ఏం తెగింది మామా? అది బండి, మగ్గం మీది తార్ గాదు! నేను చచ్చినా సరే, ముట్టకు!"

ఈ ఏడాది మార్చిలో కామ్‌రేజ్ అవతల పాత రాతి క్వారీలో మళ్లీ పోటీ జరిగింది. ఆఖరి రాయి మనిషి ఎత్తుంది. పరుశురాం బండి దాని అంచుదాకా ఎక్కి, ఒక క్షణం ఆగి, వెనక్కి తిరగబడింది. అతడు కింద, బండి మీద. కుడి చీలమండ దగ్గర ఎముకలు పిండయ్యాయి. చూసినవాళ్లలో భేస్తాన్ వాళ్లు నలుగురున్నారు. నలుగురూ ఒకే మాట చెప్పారు: బక్కయ్య చేతులు వెనక పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, బండి కింద అల్లుడు అరుస్తుంటే వెనకనున్న రాయికి ఆనుకున్నాడు, ఎంతోసేపటికి గాని చెయ్యి వెయ్యలేదు.

ఆసుపత్రిలో నర్సవ్వ కొడుకు మంచం పక్కన కూర్చుని అడిగింది. "అందరంటున్నరు బిడ్డా. నా తమ్ముడు గట్లనే నిలబడ్డడా?"

పరుశురాం కళ్లు మూసుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఆమె దాన్ని అవుననే తీసుకుంది. అటునుంచి అటే తమ్ముడి ఇంటికి పోయి, గడప బయట నిలబడి, ఇక నాకు తోడబుట్టినవాడు లేడని చెప్పి వచ్చింది. బక్కయ్య తల వంచుకుని విన్నాడట. ఒక్కమాట కూడా అనలేదట.

అతడు అనవలసిన మాట ఒకటుంది. అది పరుశురాంకు తెలుసు, బక్కయ్యకు తెలుసు, మూడో మనిషికి తెలియదు.

ఆ ఆఖరి రాయి ఎక్కేముందు, బండ్లు తెచ్చిన టెంపో వెనక, బక్కయ్యే నవ్వుతూ అడిగాడు. "నా చేతులు నా మాట ఇనయి అల్లుడా. ఎన్కకు పెట్టి తార్ తోని ఒక్క సుట్టు సుట్టు. ఊకె యాదికుంటది. నువ్వు నిజంగ పడ్డవనుకో, ఫట్టున తెంపుకుంట."

పనిముట్ల సంచిలో బీము తారు ఉంది, పడుగుకు వాడే సన్నటి గట్టి పోగు. పరుశురాం ఒక చుట్టు చుట్టాడు. మామ చేతులు వెనక్కి మడిచి ఉన్నాయి, అయినా వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. అతనికి పోయిన ఏడు తీర్పరి ఎత్తిన ఐదు వేళ్లు గుర్తొచ్చాయి. ఇంకో చుట్టు వేశాడు, ఇంకోటి వేశాడు.

"జాస్తి అయితుందిర," అన్నాడు బక్కయ్య.

"ఒక్కటైతే ఊరికెనే తెంపుతవు మామా," అని ఐదు చుట్లు చుట్టి, ముడేసి, కట్టు కనపడకుండా మామ చొక్కా కిందికి లాగాడు.

బండి తిరగబడ్డప్పుడు బక్కయ్య చూస్తూ నిలబడలేదు. ఛాతీ అడ్డం పెట్టాడు; దూరంనుంచి చూసినవాళ్లకు అది తప్పుకోలేక తగిలించుకున్నట్టు కనిపించింది. బండి ఆ ఛాతీకి తగిలి పక్కకు జారి పరుశురాం కాలి మీద పడింది. తర్వాత రాయికి ఆనుకున్నది తారును రాతి అంచుకేసి రుద్దడానికి. బండి కింద పడి ఉన్న పరుశురాం ఒక్కడికే అది కనిపించింది. మామ భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి, ముఖం నల్లబడుతోంది. తారు తెగాక అతడు నెత్తురు కారే చేతులతోనే బండిని ఎత్తి అవతల పడేశాడు. ఆ రక్తమంతా అల్లుడిదే అనుకున్నారు అందరూ.

ఐదు నెలలు గడిచాయి. చీలమండకు ఉక్కు పలకలు వేసి బిగించారు. ఆ కీలు ఇక వంగదు. కీలు వంగనివాడు బండి మీద నిలబడలేడు. ముప్పై ఒకటో ఏట ఆట అయిపోయింది. కాలు పోయింది కదా, శిక్ష పడ్డట్టే కదా, ఇంకా నోరు కూడా విప్పాలా అని పరుశురాం మంచం మీద తనకు తానే చెప్పుకునేవాడు. మొదటి నెల ఆ మాట పనిచేసింది. ఆ తర్వాత చేయలేదు. బక్కయ్యను పన్నెండు సాంచాల మీదినుంచి తీసేసి తానులు మోసే పనిలో పెట్టారని, చేతులు వణుకుతున్నాయని, భయం పట్టుకుందని ఎవరో చెప్పినప్పుడు అతడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రాఖీ పౌర్ణమి వచ్చింది. పద్మశాలీలకు ఆ రోజు పెద్ద పండుగ. జంధ్యాలు మార్చుకోవడం, మార్కండేయుడి ఊరేగింపు, వీధి చివర డప్పులు. నర్సవ్వ సేమియా వండుతోంది. ప్రతి ఏడూ ఎనిమిదింటికల్లా తమ్ముడు వచ్చి గడపలో కూర్చునేవాడు. ఈసారి కూడా ఎనిమిదింటికి వచ్చాడు. గడపదాకా రాలేదు. ఎదురుగా పాన్ డబ్బా పక్కన నిలబడ్డాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. అంత ఉక్కలో చేతుల బొత్తాలు మణికట్టుదాకా పెట్టుకుని ఉన్నాడు.

పరుశురాం కిటికీలోంచి చూశాడు. పావుగంట, అరగంట గడిచాయి. బక్కయ్య కదలడం లేదు.

"అవ్వా, మామ వచ్చిండు."

"చూసిన. నిలవడనీ," అంది నర్సవ్వ గరిటె తిప్పుతూ. "నిలవడుడే గద ఆనికొచ్చింది."

ఆ మాట అయ్యాక పరుశురాం ఇంక ఆగలేకపోయాడు.

"మామ చేతులు నేనే కట్టేసిన."

"ఏంది?"

"క్వారీల. ఎన్కకు పెట్టి కట్టేసిన. మల్ల ముడుతడని."

నర్సవ్వ నవ్వింది. "మేనమామను బాగ ఎన్కేసుకొస్తున్నవ్ రా."

"ఒట్టు అవ్వా. తార్ తోని కట్టిన. ఒక్క సుట్టు చాలన్నడు. నేనే ఐదు సుట్లేసిన."

ఆమె గరిటె పక్కన పెట్టింది. పాతికేళ్లు కండెలు చుట్టిన మనిషి. ఏడవలేదు, తిట్టలేదు. ముందు పని సంగతే అడిగింది.

"ఏ తార్?"

"బీము తార్."

"ఒంటి పోగా, జంట పోగా?"

"జంట."

నర్సవ్వ స్టవ్వు ఆర్పి కింద కూర్చుంది. కుడిచేతి బొటనవేలితో చూపుడువేలి కొసను రాస్తూ ఉండిపోయింది. ఆ తారు ఐదు చుట్లు పడితే మనిషి మాంసం ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"రాయికి ఆనుకున్నడన్నరు గద..."

"ఆనుకోలె. తార్ కోసుకుంటుండె."

"ఐదు నెల్లాయె. నోట్ల ఏం పెట్టుకున్నవ్ రా గిన్ని దినాలు?"

"నువ్వు మామను ఇడిసినట్టు నన్ను గూడ ఇడిసిపెడ్తవని."

ఆమె లేచి బయటికి నడిచింది. పరుశురాం కర్ర తీసుకుని వెనకే వెళ్లాడు. పాన్ డబ్బా వాడు అక్కా తమ్ముళ్లను చూసి రేడియో తగ్గించాడు.

అక్క వస్తుంటే బక్కయ్య ముఖం వెలిగింది. "అక్కా! పిలుస్తవో పిలువవో అని గీడనే..."

నర్సవ్వ అతని కుడిచేతి బొత్తాం విప్పింది. మణికట్టు చుట్టూ నల్లగా, లోతుగా, ఉంగరంలాగా గీత ఉంది.

"గడియారం బెల్టు రాసుకున్నదక్కా," అన్నాడు బక్కయ్య తొందరగా.

ఆమె ఎడమచేతి బొత్తాం కూడా విప్పింది. "రెండు చేతులకు పెట్టుకుంటవా గడియారం?"

బక్కయ్య అక్క భుజం మీదుగా అల్లుణ్ని చూశాడు. కోపం వచ్చింది అతనికి. "చెప్పేసినవా? ఎందుకు చెప్పినవ్ రా పిచ్చోడా! నా ఒక్కని మీద పడ్డది, మోస్తుంటి గద. ఇప్పుడు నీ మీద గూడ ఏసుకుంటివి."

"ఏలు మడువు," అంది నర్సవ్వ.

"మంచిగనే ఉన్నదక్కా."

"మడువుమన్న."

బొటనవేలు, చూపుడువేలు వంగలేదు. మిగతా మూడు సగం వంగి ఆగాయి. భయంతో వణికే చేతులని ఖార్ఖానా అంతా అనుకున్నవి ఇవే. ఈ చేతులు ఇక పోగు పట్టలేవు, ముడి వెయ్యలేవు. పరుశురాం అది ఇప్పుడే చూశాడు. తన కాలి సంగతి ఆ క్షణాన అతనికి జ్ఞాపకం లేదు.

"దా, లోపటికి," అని నర్సవ్వ తమ్ముణ్ని తీసుకుపోయింది. పీట వేసి కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. బక్కయ్య అలవాటు కొద్దీ కుడిచెయ్యి ముందుకు చాపాడు. ఆమె ఆ చేతిని మెల్లగా వెనక్కి, అతని ఒళ్లోకి పెట్టేసింది.

"గీ చేతికి ఇగ ఏ దారం కట్టను తమ్మి. నేను బతికున్నంత కాలం కట్టను."

ఆమె గిన్నెలో సేమియా తెచ్చి చెంచాతో అతనికి తినిపించింది. రెండో గిన్నె తెచ్చి కొడుకు ముందు పెట్టింది. గోడకు ఆనుకుని కూర్చున్న పరుశురాం తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె గిన్నె వైపే చూసింది.

మధ్యాహ్నం అన్నం కూడా కొడుకు ముందు అలాగే పెట్టింది. రాత్రికి రొట్టెలు కూడా. మర్నాడు, ఆ మర్నాడు కూడా. నీళ్లు పెట్టింది, మందు బిళ్లలు వేళకు పక్కన పెట్టింది, బట్టలుతికి ఆరేసింది. "బిడ్డా" అని గాని, "అరేయ్" అని గాని, పేరు పెట్టి గాని పిలవలేదు.

వారం చూసి, అక్క ఇంటికి రోజూ వచ్చిపోతున్న బక్కయ్యే అడిగాడు. "అక్కా, ఒక్కసారన్న పిలువరాదె వాన్ని. సూడు, గోడకు అతుక్కపోయి ఎట్లున్నడో."

నర్సవ్వ కంచం కడుగుతూ తలెత్తలేదు.

"అన్నం పెడ్తున్న గద," అంది.