ముక్కు మావయ్య అప్పజెప్పిన పాఠం

ముక్కు మావయ్య ముక్కు గురించి చెబితే కోతలంటారు గానీ, సీసా మూత తియ్యకముందే లోపలి ద్రాక్ష కొండకు ఏ పక్క కాసిందో చెప్పేవాడు. కోసినవాడికి ఆ రోజు జలుబు చేసిందో లేదో కూడా చెప్పేవాడని ఆయన పనిచేసే హోటల్ వంటవాళ్లు ఒట్టేస్తారు. ముప్పయ్యేళ్లుగా అక్కడ వైను వడ్డించేది ఆయనే.

అలాంటి ముక్కు మొన్నటి చలికాలపు జ్వరంలో పోయింది. మనిషి లేచాడు, ముక్కు లేవలేదు. కాఫీకీ కిరోసిన్‌కీ తేడా లేదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని వంటింట్లో పనిచేసే సొంత బామ్మర్దికి కూడా చెప్పలేదు. సీసా తెరవగానే, వైను చెడిందేమోనని బిరడా వాసన చూడటం అక్కడి పద్ధతి. మావయ్య బిరడాను ముక్కుకు ఆనించి, కళ్లు మూసుకుని, పాత పాఠం అప్పజెప్పేవాడు. అలా ఆర్నెల్లు నెట్టుకొచ్చాడు.

ఒక మధ్యాహ్నం ఓ జంట తమ పెళ్లిరోజని ఇరవయ్యేళ్ల నాటి ఎర్ర వైను అడిగారు. అంత పాతది వాళ్లెప్పుడూ రుచి చూడలేదట. మావయ్య మొదలెట్టాడు: ముందు ఎండు చెర్రీలు, ఆ వెనక పాత తోలుసంచి, కాస్త ఆగితే పొగాకు, గుటక దిగాక వాన పడ్డ మట్టి. ఇద్దరూ నోరెళ్లబెట్టి విన్నారు.

సీసా అడుగున మిగిలిన మడ్డి గుక్కెడు వంటింట్లోకి వెళ్లింది. బామ్మర్ది దాన్ని సాస్‌లో పోయబోయి ఆగాడు.

“బావా, ఇది తడిసిన అట్టపెట్టె కంపు కొడుతోంది. నువ్వు చూళ్లేదా?”

చూశానన్నాడు మావయ్య. బామ్మర్ది వెనిగర్ సీసా తెరిచి ఆయన ముక్కు కింద పెట్టాడు. మావయ్య రెప్పయినా వాల్చలేదు.

“ఎన్నాళ్లయింది బావా?”

మావయ్య హాల్లోకి పరిగెత్తాడు. అప్పటికే ఆ ఇల్లాలు కళ్లు గట్టిగా మూసుకుని చివరి గుక్క మింగుతోంది.

“మీరు చెప్పినవన్నీ ఉన్నాయండీ. పొగాకొక్కటే నాకు అందలేదు. మావారికి అందిందట.”

మావయ్యకు తల కొట్టేసినట్టయింది.

“అది చెడిపోయిందండీ. నాకు వాసన తెలీదు. ఆర్నెల్లయింది.”

“మరి ఆ చెర్రీలు, తోలు?”

“అవి పోయినేడాది తెరిచిన సీసావండి.”

భర్త బల్లమీది గుడ్డ సర్దుతూ, తనకూ పొగాకేమీ అందలేదని భార్యతో గొణిగాడు. మావయ్య రెండు గ్లాసులూ తీసుకుని యజమాని గది వైపు నడిచాడు.