వేటకు పోయేవాళ్లను అడగని మాట

మాది ఇందుకూరుపేట దగ్గర సముద్రపు ఒడ్డున పల్లె. చేపలమ్ముకునే నేను పెద్ద వయసులో మా అమ్మాయి సుజాత దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాను. పోయినేడు దానికి ఫ్రాన్సులో చదువుకు సీటు వచ్చింది. వీసా ఇంటర్వ్యూలో ఫ్రెంచి అడుగుతారని పొద్దస్తమానం అదే వల్లించేది. ఇంట్లో ఉన్నది తల్లీకూతుళ్లం మేమిద్దరమే. నాతో మాట్లాడే మనిషే లేకుండా పోయింది.

ఒక సాయంత్రం ప్రశ్నలన్నీ తెలుగులో రాసిచ్చి, ఆఫీసరులా నన్ను అడగమంది. నేను రెండోదానితో మొదలుపెట్టాను.

"మొదటిది మింగేసినావేంది మా? చదవను రాలేదా?"

వచ్చింది. 'ఎక్కడికి పోతున్నావు?' అని ఉంది. సముద్రంలో చేపల వేటకు బయలుదేరే మనిషిని మేం ఆ మాట అడగం. అడిగితే తిరిగి రారని భయం.

"అది నేనడగను."

"వాళ్లు అడగరా? అప్పుడు నోరు తిరక్కపోతే వీసా రాదు. అడుగు మా!"

కళ్లు మూసుకుని అడిగాను. అది గడగడా ఫ్రెంచిలో చెప్పుకుపోయింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఎదురుగా ఎవరో పరాయి పిల్ల కూర్చున్నట్టుంది.

కాగితం పక్కన పెట్టి, "ఎప్పుడొస్తావు?" అన్నాను.

"అది వాళ్లు అడగరులే మా," అని తల దించుకుంది.

వీసా వచ్చింది, సుజాత వెళ్లింది. రోజూ ఫోన్ చేస్తుంది. తిన్నావా, చలిగా ఉందా అని అడుగుతాను. ఎప్పుడొస్తావని మాత్రం మళ్లీ అడగలేదు. జవాబు వినాలంటే భయం.